బలవంతుని ఓటమి

మొన్నటి వేసవి సెలవులలో మా దౌహిత్రుడు మా యింటికి వచ్చియుండెను. వానికి తొమ్మిదేండ్లు. ఒకనాటి సాయంకాలము వాడు ‘అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్’ అను అమెరికా చలనచిత్రమును తెలుగులో చూచుచుండగా నేనును ప్రక్కన కూర్చుంటిని. 2018వ సంవత్సరమున వెలువడిన చిత్రమది. అందు థానోసు అను ప్రతినాయకునకు తెలుగు మాటలు పలికిన కంఠము రానా దగ్గుబాటిది. చిత్రము మొదలైన కొన్ని నిమిషములకే హల్కు అను పచ్చని మహాకాయుడు థానోసుపై లంఘించెను. క్షణకాలము పైచేయిగా నుండెను. పిమ్మట చావుదెబ్బలు తిని నేల గూలెను. మావాడు కూర్చున్నచోటనుండి లేచి నిలువబడెను.

“తాతయ్యా, హల్క్ అందరికంటే బలమైనవాడు కదా! వాడే ఓడిపోతే ఎలా?”

నేను నవ్వి, “మొదట్లోనే గెలిచేస్తే సినిమా అప్పుడే అయిపోతుంది కదరా!” అంటిని.

వాడు నావంక తేఱిపాఱ జూచి, “అయితే వాణ్ని కావాలనే ఓడించారా?” అని యడిగెను.

దానికి నాకు వెంటనే బదులు తోచలేదు. పసివాని మాటయని త్రోసివేయదగిన ప్రశ్నయు గాదది. ఆ యోటమి కథకుడు పైనుండి తగిలించినదా, వీరునిలోనుండియే పుట్టినదా యని వాడడుగుచున్నాడు. కొన్ని దినములు దానినే తలపోసితిని. ఇది చలనచిత్రములకు మాత్రమే చెల్లు ప్రశ్న గాదనియు, మన యిండ్లలో బలవంతులమని చెల్లుబాటగుచున్న మనల నడుగదగిన ప్రశ్నయనియు నాకు తోచినది. అందువలన నిది వ్రాయుచున్నాను.

ముందుగా కథకుల యిబ్బందిని చెప్పవలెను. సూపర్‌మ్యాన్ అను వీరుడు 1938లో ‘యాక్షన్ కామిక్స్’ అను బొమ్మల కథల పత్రిక మొదటి సంచికలో జన్మించెను. వానిని సృష్టించినవారు జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను నిద్దఱు యువకులు. ఆనాటి సూపర్‌మ్యాన్ ఎగురజాలడు. దుముకగలడు, అదియు మైలులో ఎనిమిదవ వంతు మాత్రమే. ఫిరంగిగుండు ప్రేలినచో వాని చర్మము చీలవచ్చునని యా మొదటి కథయే యొప్పుకొన్నది. కాని చదువరులకు బలముపై నాసక్తి మెండు. ఏటేట వాని బలము పెరిగెను, దుమికెడివాడు ఎగురసాగెను, ఫిరంగిగుండు పూలచెండాయెను. అప్పుడు కథకులకు చిక్కు వచ్చిపడినది. దేనికిని లొంగనివానికి ఆపద యెక్కడిది? ఆపద లేనిచోట కథ యెక్కడిది? ఈ చిక్కులోనే క్రిప్టోనైటు అను రాయి యక్కఱకు వచ్చెను. సూపర్‌మ్యాన్ జన్మగ్రహపు శకలమైన యీ రాయి దగ్గఱకు వచ్చినంతనే వాని బలము హరించును. ఇది మొదట 1943లో రేడియో నాటకమున వినబడి, 1949లో బొమ్మల కథలలోనికి వచ్చినది. బలము పెంచినవారే దానిని తగ్గించు సాధనమును గూడ వెదకికొనవలసివచ్చెను.

నేటి చిత్రపరంపరలలోను ఇదియే యిబ్బంది. బలవంతుని అదుపులో నుంచుటకు కథకులు సామాన్యముగా మూడుపాయములు పన్నుదురు. మొదటిది, వానిని కథనుండి తప్పించుట. 2016లో వచ్చిన ‘కెప్టెన్ అమెరికా: సివిల్ వార్’ చిత్రమున వీరులందఱును రెండు పక్షములై పోరాడుదురు గాని, అందఱికంటె బలిష్ఠులైన థోరును హల్కును అందు కానరారు. 2019 నాటి ‘ఎండ్‌గేమ్’ చిత్రమున కెప్టెన్ మార్వెల్ అను వీరవనిత, అన్యగ్రహములలో పనియున్నదని వెడలిపోయి, తుదియుద్ధమునగాని మరల రాదు. ఆమె మొదటినుండియు నున్నచో తక్కినవారికి పని లేకపోవును గదా! రెండవ యుపాయము, క్రిప్టోనైటువంటి మర్మస్థానమును కల్పించుట. మూడవది, క్రొత్తవాని బలమును చూపుటకు పాతవానిని కొలబద్దగా వాడుకొనుట. హల్కునే చితుకగొట్టినవాడు ఎంతవాడో చూడుడని చెప్పుటకు హల్కును చితుకగొట్టింతురు.

మా దౌహిత్రుని యభియోగము ఈ మూడవ యుపాయముపైననే. వాని కోపము న్యాయమైనదని నా యభిప్రాయము. ఒకనికి ఓటమి వచ్చినప్పుడు అది వాని గుణమునుండియో, చేసిన పనినుండియో, చేయక విడిచిన పనినుండియో పుట్టవలెను. అట్లుగాక, మఱియొకని గొప్పను ప్రకటించుటకై వానిని పడద్రోయుట కథలో జరిగిన యన్యాయము. బాలురు దీనిని చప్పున కనిపెట్టుదురు. ఇట్టి చిత్రములు వారికి నేర్పునది, ఎవని బలము ఎవనికంటె నెక్కువయని లెక్కలు గట్టుట. బడిలో భోజన విరామమున వారు తగవులాడుకొనునది దీనినిగూర్చియే. ఎవడు ఎందులకు పోరాడెనన్న సంగతి యా తగవులలోనికి రాదు.

అయితే ఓటములన్నియు నిట్టివే యనుట సరిగాదు. హల్కు కథనే కడవఱకు పరికింపుడు. 2012 నాటి ‘అవెంజర్స్’ చిత్రమున వాడు లోకియను వానిని, రేవులో బట్టను బండకేసి బాదినట్లు, నేలకేసి బాదగా ప్రేక్షకులు కడుపుబ్బ నవ్విరి. వానికి తెలిసిన విద్య బాదుట యొక్కటియే. బ్రూస్ బ్యానరు అను శాస్త్రజ్ఞుని శరీరములో అడగియుండి, కోపము వచ్చినప్పుడు వెలికివచ్చి, బాది, మరల లోనికి పోవును. 2018లో థానోసు చేత ఓడిన పిమ్మట, ఆపద వచ్చినప్పుడెల్ల బ్యానరు వానిని పిలుచును, వాడు రాడు. బ్రతిమాలినను రాడు. కొలబద్దగా మొదలైన యోటమి ఇక్కడ నిజమైనది. గెలుచుటకు తప్ప మఱి దేనికిని అలవాటుపడని బలము, ఒక్కసారి ఓడినంతనే ఏమి చేయవలెనో యెఱుగక చీకటిగదిలో దూరి తలుపు వేసికొన్నది.

థోరు కథ మఱొక విధము. వాని బలము చాలకపోలేదు. క్రొత్తగా పోతపోయించిన గొడ్డలితో దిగివచ్చి థానోసు ఱొమ్మున దానిని నాటినాడు. ఆ వ్రేటు తలపై పడియున్నచో కథ యక్కడనే ముగిసెడిది. కాని తన్ను చంపుచున్నవాడెవడో శత్రువు తెలిసికొని చావవలెనని థోరు కోరిక. తమ్ముని పోగొట్టుకొన్న దుఃఖము, పగతీర్చుకొను రుచిని కోరినది. థానోసు చావక, మిగిలిన శక్తితో చిటికె వేసెను. లోకములోని ప్రాణులలో సగము మాయమైనవి. తరువాతి చిత్రమున థోరు వాని తలను నఱకనే నఱకెను. కాని చిటికెతో చేసినదానిని మరలింపగల మణులను అప్పటికే వాడు నాశనము చేసియుండెను. నఱకుటవలన ఒరిగినదేమియు లేదు. ఇట్టి యోటమిని ఎవరును థోరుకు తగిలింపలేదు. వాని చేతిలోనున్న బలమునకు, వాని మనసులోనున్న పగకు పొత్తు కుదరక యది పుట్టినది.

ఆ తరువాత థోరు అయిదేండ్లు త్రాగుడులో మునిగి, ఒడలు పెంచి, యింట దాగియుండును. ఈ భాగమును చిత్రకారులు నవ్వులాటగా చేసిరి. అందు వారు తప్పిరని నా తలంపు. దుఃఖముచే చెడినవాని పొట్టను చూపి నవ్వించుట మంచి పని గాదు. కాని యా వెంటనే యొక మంచిమాట చెప్పబడినది. 2011 నాటి మొదటి చిత్రమున, అర్హుడైనవాడుగాని థోరు సుత్తిని ఎత్తజాలడని వాని తండ్రి కట్టడి చేసియుండెను. గర్వముననున్న థోరు అప్పుడు దానిని కదల్పలేకపోయెను. ‘ఎండ్‌గేమ్’లో, బలము సడలి, యోడి, సిగ్గుపడియున్న థోరు చేయి చాపగా అదే సుత్తి వచ్చి చేతిలో వాలినది. బలమునకును అర్హతకును మధ్యనున్న దూరమును ఉపన్యాసము లేకుండ చెప్పిన ఘట్టమిది.

మూడవ తెఱగు ఓటమి, వ్రతమువలన వచ్చునది. 2025లో జేమ్స్ గన్ తీసిన ‘సూపర్‌మ్యాన్’ చిత్రము, వాడు మొట్టమొదటిసారి ఓడినాడన్న వార్తతోనే మొదలగును. మంచునేలపై నెత్తురు కక్కుచు పడియున్న వానిని పెంపుడు కుక్క ఈడ్చుకొని పోవును. ఒక దేశము పొరుగుదేశముపై దండెత్తగా వాడు అడ్డుపడి యుద్ధమాపెను. ఎవరి యనుమతితో ఆపితివని లోకమడుగుచున్నది. ప్రాణములు పోవుచుండగా అనుమతి యేలయని వాని యుత్తరము. అటువైపు శత్రువునకు ఏ కట్టుబాటును లేదు. సూపర్‌మ్యాన్ అనిననో పోరాటము నడుమ ఒక ఉడుతను గూడ కాపాడబోవును. ఒక చేయి పోరునకును ఒక చేయి రక్షణకును ఇచ్చినవాడు, రెండు చేతులను హింసకే యిచ్చినవానియెదుట వెనుకబడుట సహజము. ఇట్టి యోటమిని బలహీనతయని యెవడనును? వాడు గెలువదలచినచో గెలువవచ్చును, కాని తాను తానుగా నుండి గెలువలేడు.

ఈ మాట మనకు క్రొత్త గాదు. శిఖండి యెదుట నిలువగా భీష్ముడు విల్లు దించెను. పదియవనాడు అంపశయ్యపై ఒరిగెను. నియమమునకై యోడిన బలవంతునిగా అతనిని కొనియాడుదుము. కొనియాడుట తగును. కాని యా నియమమే యెల్లచోట్ల ధర్మమగునా? నిండుసభలో ద్రౌపది, తన్ను తానోడిన భర్తకు తన్ను పణమొడ్డు హక్కు కలదాయని యడిగినప్పుడు, కురువృద్ధుడైన భీష్ముడు ధర్మము సూక్ష్మమని చెప్పి తప్పించుకొనెను. ఆనాడు అతని చేతికి బలము కొఱవడలేదు; ఎదిరింపజాలిన శత్రువును లేడు. కురుక్షేత్రమున అతడు ఓడినది దేహముతో. అంతకు చాలయేండ్లు ముందే సభలో నోటితో ఓడెను. వ్రతమునకై యోడుట వేఱు, వ్రతమును చాటుచేసికొని యూరకుండుట వేఱు. ఈ భేదమును మన పిల్లలకు చెప్పకుండ భీష్మప్రతిజ్ఞను మాత్రము చెప్పుట అర్ధసత్యము.

ఇక అతిబలుల నోడించినవారిలో అత్యంత దుర్బలుని గూర్చి చెప్పెదను. మునుపు పేర్కొన్న ‘సివిల్ వార్’ చిత్రమున జీమో అను వానికి ఏ మహిమయు లేదు. వీరులు చేసిన యొక యుద్ధమున అతని తండ్రియు, భార్యయు, కొడుకును మరణించిరి. వీరులను కండబలముతో గెలువజాలనని యెఱిగినవాడు గనుక వారిలో వారికి పోరు పెట్టదలచెను. టోనీ స్టార్కు తలిదండ్రులు 1991లో ఎవరి చేతిలో మరణించిరో చూపు దృశ్యమును టోనీ యెదుట నుంచెను, అంతే. చంపినవాడు, పరుల వశమై తానేమి చేయుచున్నాడో యెఱుగని బకీ. బకీ కెప్టెన్ అమెరికాకు ప్రాణమిత్రుడు. ఈ సంగతి యెఱిగియు కెప్టెన్ తన సహచరునితో చెప్పకుండెను. దాచిన యొక్క నిజము చాలినది. లోకమును రక్షించిన కూటమి రెండు ముక్కలైనది. కత్తికి తెగని స్నేహము దాపరికమునకు తెగినది. ఇట్టిది జరుగుటకు అతిమానుషశక్తులు అవసరము లేదని, అన్నదమ్ముల వాటాలు చూచినవారందఱు ఎఱుగుదురు.

ఇక్కడ నొక యాక్షేపణ రావచ్చును. “లోకములో బలవంతులు ఇట్లు ఓడుచున్నారా? ధనబలము కలవాడు న్యాయస్థానమున ఓడుటయు, అధికారబలము కలవాడు తన తప్పునకు తలవంచుటయు మేము అరుదుగా చూచుచున్నాము. తెరమీద బలవంతుడోడినాడని తృప్తిపడి యింటికి పోవుట దుర్బలుల పగటికల గాదా? మఱియు నా యోటములు మాత్రము నిజమా? సూపర్‌మ్యాన్ 2016లో మరణించి 2017లో లేచి వచ్చెను. మాయమైన సగము ప్రాణులు మఱుసటి యేట తిరిగివచ్చినవి. టిక్కెట్టు అమ్ముటకై ఓటమి, మఱియొక టిక్కెట్టు అమ్ముటకై గెలుపు!”

ఈ యాక్షేపణలో చాలవఱకు నిజమున్నది. మరణమునకు విలువ లేనిచోట ఓటమికిని విలువ తగ్గును. లోకములోని బలవంతుడు తనంతట తాను ఓడునని యెదురుచూచుచు కూర్చుండుటకు ఈ కథలు సాకు కారాదు. అయినను నేను వీనిని పనికిమాలినవని యనజాలను. ఏలయన, బలవంతుని ఎట్లు ఓడింపవలెనో నేర్పుట వీని మేలిభాగముల పని గాదు. బలవంతుడనని యనుకొనుచున్నవాడు, బలము తీసివేయగా తనలో నేమి మిగులునో చూచుకొనుమని చెప్పుట వాని పని. ఆ మాట చక్రవర్తులకన్న గృహయజమానులకే యెక్కువగా తగులును. ప్రతి కుటుంబములోను ఓడిపోవుట కలవాటుపడని యొక బలవంతు డుండును గదా.

మా తండ్రిగారు అట్టివారు. తాతగారు చిన్ననాడే పోగా, ఇంటి బరువంతయు ఆయన తలకెత్తుకొనిరి. రెండు బస్తాల ధాన్యమును ఒక్క ఊపున బండి కెత్తగల దేహము ఆయనది. ఇంట ఆయన మాటకు ఎదురు లేదు. ఆయన చెల్లెలు, మా మేనత్త, ఎనిమిదవ తరగతిలో బడికంతటికి మొదటిదిగా నిలిచెను. పై చదువునకు ప్రక్క యూరికి పోవలెను. “ఆడపిల్లకు ఇంక చాలు” అని ఆయన ఒక్కమాట యనిరి, చదువు నిలిచిపోయెను. ఆమె యెదురాడలేదు. రెండేండ్లకు పెండ్లియు, మఱి కొన్నేండ్లకు వైధవ్యమును వచ్చి, ఆమె మరల మా యింటికే చేరెను.

మా తండ్రిగారికి అఱువదియవ యేట పక్షవాతము వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయెను. మంచినీళ్ల గ్లాసు పట్టలేకపోయిరి. ఒకరు త్రాగించుటకును ఒప్పుకొనలేదు. ఊరివారు పలుకరింప వచ్చినప్పుడెల్ల గోడవైపు తిరిగి పడుకొనెడివారు. నాలుగు నెలలు వీధియరుగు మీదికి రాలేదు. పిలిచినను రాని హల్కును తెరపై చూచినప్పుడు నాకు స్ఫురించినది ఆ మూసిన గది తలుపే.

ఆ గదిలోనికి నదురు బెదురు లేక పోయినది మా మేనత్త యొక్కతెయే. ప్రతిదినము ఉదయమున వార్తాపత్రిక తీసికొనిపోయి, ఆయన వినిన వినకున్న, మొదటి పుటనుండి కడపటి పుటవఱకు చదివెడిది. మొదట ఆయన గోడవైపే యుండెడివారు. తరువాత ఇటు తిరిగిరి. ఒకనాడు ఆమె చదువుచుండగా ఆపి, తడబడు నాలుకతో, “నిన్ను చదివించి ఉండాల్సింది అమ్మాయీ. తప్పు చేశాను” అనిరి. ఆమె పత్రిక మడిచి, “ఇప్పుడు చదువుతూనే ఉన్నాను గదా అన్నయ్యా” అని, లేచి నీళ్లు తెచ్చి త్రాగించెను. ఆయన త్రాగిరి. మఱునాడు కఱ్ఱ పట్టుకొని అరుగు మీదికి వచ్చిరి.

నేను గుమ్మము కడ నిలిచి యిది చూచితిని. బస్తాల నెత్తిననాడు మా తండ్రిగారిని చూచి నేను గర్వపడినమాట నిజము. కాని నేనాయనను గౌరవించుట నేర్చుకొన్నది ఆనాడు. అయితే, చదువరులారా, దీనిని చక్కని ముగింపుగా భావింపవలదు. ఆమె పోగొట్టుకొన్న చదువు ఆ యొక్కమాటతో తిరిగి రాలేదు. తెరమీదివలె మఱుసటి యేట సర్వము సరిదిద్దబడుట ఇండ్లలో జరుగదు. చేతిలో బలమున్ననాడే ఆయన ఆ మాట యనియున్నచో ఆమె జీవితము వేఱుగా నుండెడిది. పక్షవాతము వచ్చువఱకు ఆగనేల? బలముండగనే ఒకమాటు ఓడుట, తప్పినచోట తప్పితినని పిల్లలయెదుట, భార్యయెదుట, చెల్లెలియెదుట చెప్పుట మన యిండ్లలో అలవాటు కావలెను. ఇట్లు చెప్పినవాని పెద్దఱికము తగ్గినట్లు నేనెక్కడను చూడలేదు.

దసరా సెలవులకు మావాడు మరల వచ్చినప్పుడు ఇద్దఱము కూర్చుండి ‘ఎండ్‌గేమ్’ చూచితిమి. అందు హల్కు మరల వచ్చును. కాని వెనుకటివాడు గాదు. బ్యానరు బుద్ధియు హల్కు దేహమును ఒక్కటై, మాటలాడుచు, కండ్లద్దములు పెట్టుకొని వచ్చును. పోయినవారిని తిరిగి తెచ్చుటకు మణులను ధరించి చిటికె వేయవలసివచ్చినప్పుడు, ఆ మంటకు తాళగల దేహము తనదేయని తానే ముందునకు వచ్చెను. చిటికె వేసెను, కుడిచేయి కాలి మాడి వ్రేలాడెను. అందు బాదుట లేదు, శత్రువును లేడు.

మావాడు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, “తాతయ్యా, ఇప్పుడు హల్క్ గెలిచినట్టా, ఓడినట్టా?” అని యడిగెను.

ఈసారి నేను తొందరపడి బదులు చెప్పలేదు. “నీకేమనిపిస్తోందిరా?” అంటిని. వాడింకను ఆలోచించుచున్నాడు.